వజ్రాల వానకు ఇల్లు అద్దెకిచ్చే పద్ధతి

మృగశిర కార్తెలో మొదటి గట్టి వాన పడిన మర్నాడు, మీరింకా పళ్ళు తోముకోకముందే ఇంటి ముందు ఆటో ఆగుతుంది. గుంతకల్లులో రైలు దిగి వచ్చిన ఆరుగురు, ఒక గ్యాస్ స్టవ్వు, రెండు ప్లాస్టిక్ పట్టలు, ఒక మూట బియ్యం. "అన్నా, నాలుగు దినాలు ఉండేదానికి ఒక గది దొరుకుతుందా?" అంటారు. వజ్రకరూరులో సొంత మిద్దె పెట్టుకుని ఇన్నేళ్ళూ ఆ మాటకు "మా ఇంట్లో లేదప్పా, గుడికాడ అడుగుపోండి" అని జవాబిచ్చినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు ఈ పనిలో మూడు వానాకాలాల అనుభవముంది. ఎవరూ అడగలేదు కాబట్టి ఉచితంగానే చెబుతున్నాను.

ముందు స్థలపురాణం, తర్వాత గది

గది చూపించే ముందు ఊరి మహిమ చెప్పాలి. మనకు దగ్గర్లో భూమిలోపల కింబర్లైటు గొట్టాలున్నాయి. సుమారు 110 కోట్ల ఏళ్ళ కిందట పాతాళంలోంచి పైకి తన్నుకొచ్చిన రాయి అది. వచ్చేటప్పుడు దారిలో వజ్రాలుంటే వాటినీ మోసుకొస్తుంది. దక్షిణాఫ్రికాలోని కింబర్లీ ఊరి పేరు దానికి పెట్టారు. మన ఊరి పేరే పెట్టి ఉంటే పలకలేక శాస్త్రవేత్తలు ఆ చదువే మానుకునేవాళ్ళేమో. వానకు పైమట్టి కొట్టుకుపోతుంది, చేలో ఏదో తళుక్కుమంటుంది. ఇటు మన చేలకూ, అటు కర్నూలు జిల్లాలో జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర వైపు చేలకూ ఏటా జనం రావడానికి మూలం ఇదే.

ఇక చెప్పకూడనివి. 1881లో ఇక్కడ 67 క్యారెట్లు దాటిన రాయి దొరికింది. మద్రాసులోని పి.ఓర్ అండ్ సన్స్ వాళ్ళ చేతికి పోయింది. ఈ కథ చెప్పండి గానీ సంవత్సరం చెప్పకండి, "మొన్నామధ్య" అనండి. సానబట్టేసరికి ఆ 67 కాస్తా 24 చిల్లరకు దిగిందన్న ముక్క అసలు ఎత్తకండి. భూగర్భ సర్వే సంస్థ జీఎస్ఐ వాళ్ళు ఊళ్ళో కింబర్లైటు మ్యూజియం పెట్టారు, అతిథులను ఆ దరిదాపులకు పోనీయకండి. అక్కడ ఎవరైనా చదువుకున్నాయన కనబడి, చాలా గొట్టాల్లో వజ్రమే ఉండదనీ, ఉన్నవాటిలోనూ టన్ను రాయి దంచితే ఒక్క క్యారెట్టు దక్కడం గొప్పనీ, క్యారెట్టంటే 200 మిల్లీగ్రాములు, అంటే ఒక చెనక్కాయ గింజ బరువుకైనా రాదనీ చెప్పేస్తాడు. అది విన్నవాడు సాయంత్రం బస్సుకే పోతాడు. చదువుకున్న గిరాకీ నిలవదు.

బేరం

తెలివితక్కువవాళ్ళు నష్టపోయేది ఇక్కడే. మనిషికి రాత్రికి వంద అంటారు, ఆరుగురికి ఆరు వందలు ముందే లెక్కబెట్టి తీసుకుంటారు. సీజనంతా అట్ల తీసుకుంటే ఏమొస్తుంది? డబ్బొస్తుంది. అంతే. వజ్రాల ఊళ్ళో పుట్టి ఆరు వందలకు ఆశపడటం మన పూర్వీకులకు అవమానం కాదా?

మొదటి ఏడు నేనూ ఆ తప్పు చేశాను. రెండో ఏటినుంచి అద్దె వద్దన్నాను, వాటా అడిగాను. ఎంత వాటా అన్నదానికి చట్టంలో ఆధారం కూడా వెతికిపెట్టాను. 1878 నాటి నిధుల చట్టం ఒకటుంది. నేలలో దాగి ఉన్న, పది రూపాయలకు మించిన విలువ గల వస్తువు దొరికితే కలెక్టరుకు తెలపాలి. సొంతదారు ఎవరూ తేలకపోతే దొరికినవాడికి మూడు పాళ్ళు, స్థలం యజమానికి ఒక పాలు. స్థలం యజమానికి పాలు ఉన్నప్పుడు మంచం యజమానికి ఉండదా? ఆ మంచం మీద నిద్రపోయి లేచిన మనిషికే కదా పొద్దున వజ్రం కనబడేది? నాలుగో వంతు అని నోటిమాటగా ఖాయం చేశాను. గుంతకల్లులో ఒక ప్లీడరుకు ఈ సంగతి గర్వంగా చెబితే, ఆ చట్టం మనుషులు పాతిపెట్టిన సొమ్ము గురించి గానీ భూమి తనకు తానే కన్న రాయి గురించి కాదన్నాడు. 1957 నాటి గనుల చట్టం చూడమన్నాడు, అనుమతి లేకుండా ఖనిజం వెతకడమే దాని ప్రకారం కుదరదన్నాడు. ఫీజు అడిగాడు. ఆయనకూ పాలే ఇస్తానన్నాను, ఒప్పుకోలేదు. దూరదృష్టి లేని మనిషి.

రెండు వానాకాలాల్లో నా వాటా హార్లిక్స్ సీసాలో మెడ దాకా వచ్చింది. చూసినవాళ్ళు అన్నీ పలుగురాళ్ళే అంటున్నారు. నిజమైనవి గుర్తుపట్టే కన్ను అందరికీ ఉండదు. పలుగురాళ్ళు పంచుకునేటప్పుడు కూడా నాలుగో వంతు దగ్గర కొట్లాట వచ్చింది, ఏడు రాళ్ళను నాలుగు పాళ్ళు చేయడం కుదరక. ఒకసారి ఒక జట్టు రాత్రంతా గుసగుసలాడుకుంది. తెల్లారి చూస్తే గది ఊడ్చిపెట్టినట్టు ఖాళీ. గోడ మీది నరసింహస్వామి పటానికి మాత్రం కొత్త పూలదండ వేసి ఉంది. దొరికిందనే అనుకుంటున్నాను. దొరికినవాడు ఊళ్ళో డప్పు వేయించడు. గుట్టుగా వ్యాపారిని చూసుకుంటాడు, అంతే. పేపర్లో లక్షల లెక్కలు పడేది ఆ తర్వాత, ఎవరో ఎవరికో చెప్పగా. ఆ దండ ఎండిపోయినా నేను తీయలేదు, ఎంతైనా అందులో నా పాలుంది.

కాగితాలు: రాయకపోవడమే మేలు

ఎవరి ఆధారు కార్డూ అడగకండి. అడిగితే నమ్మకం లేదనుకుంటారు. నోటుబుక్కులో పేర్లు రాసుకుని స్టేషన్లో ఒక మాట చెప్పిరమ్మని మా ఇంటామె పోరు పెట్టింది. దొంగలను అనుమానించినట్టు ఉంటుందని నేను ఒప్పుకోలేదు. బళ్ళారినుంచి వచ్చిన ఒకాయన మా బిందె, రెండు గొంగళ్ళు తీసుకుపోయాడు. ఆయన ఊరు బళ్ళారి అని ఆయన చెబితేనే తెలిసింది, కాబట్టి అదీ ఖాయం కాదు. విదేశీయులెవరైనా రాళ్ళ చదువు కోసం వచ్చి మీ ఇంట్లో దిగితే, వచ్చిన 24 గంటల్లో ఒక ఫారం నింపి అధికారులకు పంపాలంటారు. ఆ ఫారానికి భయపడకండి. ఎవరైనా అడిగితే మా బావ అని చెప్పండి. బావ తెల్లగా ఉండకూడదని ఏ చట్టమూ లేదు.

గుర్తింపు పొందిన హోమ్‌స్టేగా పెట్టుకుంటే మేలని పట్నంలో ఉండే మా అన్న కొడుకు ఫోను చేశాడు. కేంద్ర పర్యాటకశాఖ పథకం ఉంది, ఒక గది నుంచి ఆరు గదుల దాకా పెట్టుకోవచ్చు, సిల్వర్, గోల్డ్ అని రెండు తరగతులు, యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే కాపురముండాలి. మాది మూడు గదుల మిద్దె. మూడూ అతిథులకు ఇచ్చేశాం కాబట్టి కుటుంబం గొడ్ల కొట్టంలో ఉంటోంది. కొట్టం కూడా ఇంటి కొలతలోదే. బర్రె కూడా కుటుంబంలోదే. గోల్డ్ రావచ్చు. కాకపోతే దరఖాస్తు ఇంటి యజమాని పేరున పెట్టాలట. ఇంటి స్థలం పట్టా, పంచాయతీ ఇంటి పన్ను రసీదు మా ఇంటామె పేరున ఉన్నాయి. ఈ చిన్న సంగతి ఇక్కడ ఎందుకు రాశానో నాకే తెలీదు, ముందుకు పోదాం.

రూలు రూలు అని బెదిరించేవాళ్ళకు నేను 1867 నాటి సరాయి చట్టం చెబుతాను. బాటసారులను దించుకునే సత్రాలను అదుపులో పెట్టడానికి ఇంగ్లీషువాళ్ళు చేసింది. గదులు శుభ్రంగా ఉండాలి, కాపలా మనిషి ఉండాలి, రేట్ల పట్టిక అందరికీ కనబడేలా కట్టాలి అని అందులో చాలా ఉంది. నాకు నచ్చింది జరిమానా. 20 రూపాయలకు మించరాదు, తప్పు సాగినన్నాళ్ళు రోజుకు మరో రూపాయి. ఇంత మర్యాదైన చట్టం చూసి, తక్కినవన్నీ ఈ తూకంలోనే ఉంటాయని లెక్క వేసుకున్నాను.

తక్కినవి అట్ల లేవు. మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు 1939లో ప్రజారోగ్య చట్టం ఒకటి చేశారు, ఆంధ్ర ప్రాంతానికి అది అట్లాగే వచ్చింది. అన్నం పెట్టినా పెట్టకపోయినా, డబ్బు తీసుకుని వచ్చేపోయేవాళ్ళకు పడుకునే చోటిస్తే దాని లెక్కలో అది లాడ్జింగ్ హౌసే. మిద్దె అయినా అంతే, జగిలి అయినా అంతే. లాడ్జికి నీళ్ళెట్ల, దొడ్డెట్ల, ఎంతమంది ఎంత చోటులో అని అడిగే హక్కు ఆరోగ్యాధికారికి వచ్చేస్తుంది. నా జవాబు సిద్ధంగా ఉంది. నేను డబ్బు తీసుకోవడం లేదు, పలుగురాళ్ళు తీసుకుంటున్నాను.

ఎన్నాళ్ళకు ఇవ్వాలి

నాలుగు దినాలకని వచ్చినవాడిని నాలుగు దినాలకే పంపేస్తే వాటా పండేదెట్ల? "వాన నిలిచేదాకా ఉండుపో నాయనా" అని తాళంచెవి చేతిలో పెట్టాను. కరెంటు ఖర్చుకని నెలకింత ఇమ్మన్నాను. కాగితం రాసుకోలేదు. ఇదే నా కళాఖండం.

ఇప్పుడు నడిమి గదిలో పోయిన ఏడు మృగశిరకు వచ్చినాయన ఉన్నాడు. ఖాళీ చేయమంటే నేను అద్దెదారునంటాడు. ఆయన దగ్గర నేను ఫోనులో తీసుకున్న నెలనెలా డబ్బుల లెక్కంతా ఉంది, నా దగ్గర ఏమీ లేదు. ప్లీడరు దగ్గరికి మళ్ళీ పోక తప్పలేదు, ఈసారి ఫీజు కట్టి. 1882లో కవలల్లాగా రెండు చట్టాలు పుట్టాయట. ఒకటి ఆస్తి బదిలీ చట్టం. నెలవారీ అద్దెకిచ్చి వేరే ఒప్పందం లేకపోతే పదిహేను రోజుల నోటీసిచ్చి గానీ లేపడానికి లేదు. రెండోది ఈజ్‌మెంట్స్ చట్టం. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పడుకోవడానికి అనుమతి మాత్రమే, ఇల్లు నా స్వాధీనంలోనే ఉంటుంది అని రాసుకుంటే అది లైసెన్సు, అద్దె హక్కు పుట్టదు. లాడ్జీలో దిగినవాడు లాడ్జీకి అద్దెదారు కానిది అందుకే. తాళంచెవి పూర్తిగా వాడి చేతికిచ్చి, నెలకింతని తీసుకుని, గడువు రాయకుండా నువ్వే నీ నెత్తిన పెట్టుకున్నావన్నాడు ప్లీడరు. పట్నాల్లో పదకొండు నెలల కాగితం ఎందుకు రాస్తారో కూడా అప్పుడే తెలిసింది. ఏడాది దాటిన లీజైతే 1908 చట్టం ప్రకారం రిజిస్ట్రేషను తప్పదు, ఆ ఖర్చు తప్పించుకోవడానికి.

రెండు రూపాయల తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు. ఇంతకోసం ఫీజు తీసుకున్నాడంటే నాకిప్పటికీ మనసొప్పదు. నోటీసు పంపాను. నడిమి గది ఆయనే సంతకం పెట్టి తీసుకున్నాడు, చదివిపెట్టమని నాకే ఇచ్చాడు. పదిహేనో రోజు వాన పడింది. వానలో మనిషిని బయటికి తోస్తామా?

కరెంటు, నీళ్ళు, తిండి

గదికి ఎనిమిది ఫోన్లు, ఒక ఫ్యాను, రాత్రి చేలల్లో తిరిగేదానికి మూడు చార్జింగు లైట్లు. ఇంటి మీటరు మీదే నడిపించండి. ఇంటికని తీసుకున్న కరెంటును వేరే పనికి వాడితే 2003 నాటి విద్యుత్ చట్టంలో 126వ సెక్షన్ ఉంది, ఆ వాడకానికి తగిన రేటుకు రెండింతలు వేస్తారు. సరాయి చట్టంలో జరిమానా 20 రూపాయలే అని లైన్‌మనుకు చూపించాను. ఆయన చదివి, బాగుందన్నాడు.

నీళ్ళ సంగతి అనంతపురం జిల్లావాళ్ళకు నేను చెప్పాలా. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో బతికే సీమ. రాగులపాడు దగ్గర హంద్రీ-నీవా నీళ్ళను పంపులు ఎత్తిపోస్తుంటాయి, మన బిందెలోకి ఎత్తిపోసే పంపు ఇంకా రాలేదు. ఆరు బిందెల ఇంటికి ఇరవైమంది వచ్చారు. వజ్రం వెతకడం బురద పని, ఒక్కొక్కరు మోకాళ్ళ దాకా మట్టితో వస్తారు. కాళ్ళు కడుక్కోవద్దు, ఆ మట్టిలో ఏముందో అని చెప్పి చూశాను. విన్నారు. నాలుగో రోజు ఆ మట్టినంతా నా బిందెల నీళ్ళతోనే జల్లెడ పట్టారు.

తిండి పెట్టకండి. పెడితే లైసెన్సులంటారు. మా ఇంటామె నా మాట వినలేదు. చిన్న తిండి వ్యాపారాలకు ఏడాదికి వంద రూపాయల ఫీజుతో ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషను ఉంది, మా అన్న కొడుకుతో చేయించుకుంది. బస్టాండు కాడ బండ మీద స్టవ్వు పెట్టి పొద్దున ఐదుకే ఉగ్గాని, బజ్జీ. బొరుగుల బస్తా ఎప్పుడు తెస్తుందో, ఎప్పుడు అయిపోతుందో తెలీదు. చేలకు పోయే జనం ప్లేటు చేతిలో పడకముందే డబ్బులిస్తారు. వాటా అడగవే, ఒక్కడికి దొరికినా చాలు అని ఎన్నిసార్లు చెప్పానో. "చిల్లర ఉంటే చూడు" అంటుంది.

ఏ చేను చూపించాలి

అతిథి అడుగుతాడు, ఏ చేలో దొరుకుతాయన్నా అని. మీ చేను మాత్రం చెప్పకండి. దాయాదుల చేను చూపించండి. నేను మా చిన్నాయన కొడుకు చేను చూపించాను. వాన పడిన రెండో రోజు వాడు గొర్రు కట్టి చెనక్కాయలు విత్తాడు, మూడో రోజు మా ఇరవైమంది వంగి వంగి నడిచారు. చాలు తొక్కినచోట మొలక రాలేదు. గట్టు మీద బోర్డు పాతాడు, వజ్రాలు వెతికేవాళ్ళు రాకూడదని. ఆ అక్షరాల కింద నా పేరు ఎందుకు రాశాడో తెలీదు.

నా చేను భద్రంగా ఉంది, ఎవరూ తొక్కలేదు. విత్తనమూ పడలేదు. పదునున్న నాలుగు రోజుల్లో గొర్రు పట్టే మనిషి దొరకలేదు, ఊళ్ళో కూలీలందరూ చిన్నాయన కొడుకు చేలోనే రాళ్ళు ఏరుతున్నారు. కూలి అడిగితే, వజ్రం దొరికే రోజు పోగొట్టుకుంటాం కదన్నా, దానికి కట్టిస్తావా అన్నారు. వాళ్ళకు ఆ లెక్క నేర్పింది నేనే కాబట్టి ఏమనలేకపోయాను.

జీఎస్టీ గురించి అడుగుతున్నారు కొందరు. సేవలకు ఏడాదికి 20 లక్షలు దాటితే గానీ నమోదు అక్కర్లేదు. హార్లిక్స్ సీసాను సరైన కన్ను ఎవరైనా చూసిన రోజు దాని గురించి మళ్ళీ రాస్తాను.

ప్రస్తుత పరిస్థితి

ఈ ఏడు మృగశిరలో మొదటి వాన పడిన రాత్రి గొడ్ల కొట్టం కప్పు కారింది. బర్రెను మాత్రం పక్కకు జరపగలిగాం. నేను గొంగడి కప్పుకుని ఇంటి ముందుకొచ్చాను, జగిలి మీద పడుకుందామని. అక్కడ మా ఇంటామె కుర్చీ వేసుకుని, ముందు స్టూలు మీద కొత్త నోటుబుక్కు పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన రేట్ల పట్టిక, మా మనవరాలి చేతిరాతలో. గదికింత, మంచానికింత, జగిలికింత, అడ్వాన్సు ముందే. ఆటో దిగిన నలుగురు ఆధారు కార్డులు పట్టుకుని వరసలో ఉన్నారు. వాళ్ళ వెనక నిలబడ్డాను.

నా వంతు వచ్చింది. "జగిలి ఒక రాత్రికి వంద. కార్డు తెచ్చినావా?" అంది తలెత్తకుండా. ఇల్లు మనదే కదే అన్నాను. పన్ను రసీదు స్టూలు సొరుగులోంచి సగం బయటికి లాగి మళ్ళీ లోపలికి తోసింది. కొట్టంలోకి పోయి కార్డు తెచ్చిచ్చాను. డబ్బుకు బదులు సీసా ఇస్తానన్నాను, మెడ దాకా ఉంది. ఎత్తి బల్బు వెలుగులో ఒకసారి తిప్పి చూసింది, కాగితాలు గాలికి ఎగరకుండా నోటుబుక్కు మీద పెట్టుకుంది. వంద రూపాయలు నడిమి గది ఆయన దగ్గర అప్పు తీసుకుని కట్టాను.

పేరు రాసింది. తండ్రి పేరు రాసింది. ఊరు, ఫోను, వచ్చిన తేదీ. ఎన్నాళ్ళు ఉండేది అన్నచోట "ఒక రాత్రి" అని రాసి కింద రెండు గీతలు గీసింది.

"వచ్చిన పని?" అంది.

వెనక నిలబడినవాళ్ళు తొందర పడుతున్నారు, వాన మళ్ళీ మొదలైంది.

"వజ్రాలు" అన్నాను. రాసుకుంది.